మార్జిన్ లేని మఖమల్

“సీసా ఇటివ్వమ్మా. మాటా మాటా పెంచుకోవద్దు.”

మెట్ల మధ్యలో నిలబడి చెయ్యి చాచారు బావగారు. మెడలో కొలతల టేపు, చెవి వెనక పెన్సిలు. పై మెట్టు మీద నిలబడ్డ కోడలు మాత్రం ట్రాక్ సూటు జేబులోంచి చెయ్యి బయటికి తీయలేదు. జేబులో సీసా ఆమె గుప్పిట్లో వెచ్చబడిపోయింది.

“ఇవ్వను బావగారూ.”

“నిన్న సరేనన్నావు కదా!”

“నిన్న మీరు మెల్లిగా అడిగారు. మెల్లిగా అడిగితే నేను దేనికైనా సరే అనేస్తాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే కాదనిపించింది.”

“ఆలోచించావా? అయితే ఆ మందు పేరేంటో గట్టిగా చెప్పు. వీధి వీధంతా వినబడాలి.”

“మార్ఫిన్. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.”

“ష్!” అన్నారు బావగారే, కంగారుగా కింద షాపు గుమ్మం వైపు చూస్తూ.

కింద కాజాలు కుడుతున్న అత్తయ్య కిసుక్కున నవ్వింది. నవ్వి, తప్పు చేసినదానిలా మళ్ళీ సూది మీదికి వంగింది.

బావగారు గొంతు తగ్గించారు. “అది పోయేవాళ్ళకిచ్చే మందమ్మాయ్. అలవాటైతే వదలదంటారు. పోనీ పనిచేసిందా? వేయడం మొదలుపెట్టి ఇన్నాళ్ళయింది. మంచం దిగి గుమ్మం దాకా వస్తే చాలు, నాన్న రొప్పుతూనే ఉన్నారు. ఆ మాత్రానికి విషంలాంటిది ఇంట్లో ఎందుకు? ఇవాళ ఆసుపత్రికి తిరిగి ఇచ్చేసి వస్తాను.”

కోడలికి దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. పోయేవాళ్ళకే కాదు, పాడైన ఊపిరితిత్తులతో ఏళ్ళ తరబడి అల్లాడేవాళ్ళకి కూడా చాలా తక్కువ మోతాదులో ఇస్తారని డాక్టరు చెప్పింది ఆమెకే. పీల్చే మందులన్నీ అయ్యాక, ‘జబ్బు తగ్గదు, కానీ గాలి అందడం లేదన్న ఆ బాధ కొంత తగ్గొచ్చు, వాడి చూద్దాం’ అన్న మాటకి ఇంట్లో అందరినీ ఒప్పించిందీ ఆమే. రోజూ పొద్దున్న ఈతకొలనుకి వెళ్ళేముందు పిచికారీలో గీత దాకా కొలిచి, చిన్న గిన్నెలో పోసి మామయ్య చేతికిచ్చేది. సాయంత్రం వచ్చాక మళ్ళీ ఒకసారి. తేడా కోసం రోజూ ఆయన మొహంలోకి చూసేది, విత్తనం నాటినవాళ్ళు మట్టికేసి చూసినట్టు.

మట్టి మట్టిలాగే ఉంది.

“పెద్దోడా...” గదిలోంచి మామయ్య గొంతు. ఒక్కో మాటకీ మధ్య ఒక్కో ఈల. “అరవకు... గుడ్డ... వచ్చిందా?”

“ఇంకా రాలేదు నాన్నా. తమ్ముడు వ్యానులో తెస్తున్నాడు.”

“వస్తే... దిగుతా.”

బావగారు కోడలికేసి చూశారు. ‘విన్నావా’ అన్నట్టుంది ఆ చూపు. వానలు మొదలైనప్పటినుంచీ మెట్టు దిగని మనిషి దిగుతారట.

ఈ ఇంటికి మెట్ల కింద షాపు, మెట్ల పైన కాపురం. మామయ్యని ఊరంతా కటింగ్ మాస్టారనే పిలిచేది. కత్తెర కింద ఎగిరిన నూగూ, బొగ్గు ఇస్త్రీపెట్టె పొగా, వాటి మీద ఆయన సొంతంగా తగలేసిన సిగరెట్లూ, అన్నీ కలిసి ఆయన ఛాతీలో కాపురం పెట్టాయి. కొత్తగా తెరవబోతున్న నాటకశాల తెర కుట్టే పని వచ్చినప్పుడు బావగారు వద్దనబోయారు. మంచం మీంచే మామయ్య, ‘ఒప్పుకో. కత్తిరించేది నేను’ అన్నారు.

తెరంటే మఖమల్. మఖమల్‌కి నూగుంటుంది. ముక్కలన్నిట్లో నూగు ఒకే దిక్కుకి వాలాలి. ఒక్క ముక్క తలకిందులైనా దీపాలు వేయగానే అది ఎర్రగా, పక్కది నల్లగా కనబడి నటులకంటే ముందు తెరే నవ్వులపాలవుతుంది. బావగారు కోట్లు కోసినవారే, కానీ ఇంతటి మఖమల్ మీద ఎప్పుడూ కత్తెర పెట్టలేదు.

“ఆయన దిగరు, నేను కోయలేను,” అన్నారు బావగారు విసుగ్గా మెట్లెక్కుతూ. “గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ పెద్ద మిషను బిగుసుకుపోయి కూర్చుంది. నా నూనె డబ్బా చూస్తే ఖాళీ. నాన్నా, మీ డబ్బా తీసుకుంటున్నా!”

మామయ్య మంచం పక్కన కిటికీ కింద ఆయన మొదటి చేతిమిషను ఉంటుంది. దాని బల్ల కాళ్ళ దగ్గర పొడుగు ముక్కు నూనె డబ్బా. బావగారు వంగి దాన్ని అందుకున్నారు.

“అది... అది...” మామయ్య చెయ్యెత్తారు.

“అరవడం లేదు నాన్నా. ఇంక అరవను, సరేనా?” అంటూ బావగారు దిగి వెళ్ళిపోయారు.

మామయ్య కళ్ళు ఇంతలయ్యాయి. మంచం అంచు పట్టుకుని లేవబోయారు. భుజాలు చెవుల దాకా లేచాయి. కోడలు ఒక్క అంగలో ఆయన దగ్గరికి వెళ్ళి చేతిఫ్యాను మొహానికి పట్టింది.

“నావైపు చూడండి మామయ్యా. పెదాలు సున్నా చుట్టండి. బిగబట్టొద్దు. వదలండి. వదులుతూ కదలాలి, నీళ్ళల్లో పిల్లలకి చెప్పేది అదే.”

“డబ్బా... పంతులమ్మా... డబ్బా...”

‘ఈత పంతులమ్మ’ అని ఆమెకి పేరు పెట్టింది ఆయనే. “తెచ్చి ఇచ్చేస్తారులెండి. నూనె డబ్బా ఎక్కడికి పోతుంది?”

ఆయన తల అడ్డంగా ఊపారు. చెప్పడానికి గాలి చాలక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కింద మిషను తిరిగింది. తిరిగి, కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది.

“ఓరి నాయనో! పిల్లి తోక తొక్కినట్టు అలా అరిచిందేంట్రా?” అత్తయ్య గొంతు.

కాసేపటికి బావగారు మళ్ళీ పైకొచ్చారు. ఒక చేతిలో డబ్బా. రెండో చేతి వేళ్ళు దగ్గరికి చేర్చి విడదీస్తున్నారు. అతుక్కుని, విడివడుతున్నాయి.

“నాన్నా, ఇందులో ఏం పోశారు? ఇది నూనె కాదు. జిగటగా ఉంది.”

కోడలు ఆ వేళ్ళు వాసన చూసింది. తియ్యగా, మందుల షాపు వాసన. రోజూ మూత తీసినప్పుడల్లా వచ్చేదే.

ఆమె డబ్బా అందుకుని ఆడించింది. అడుగున ఏమీ కదల్లేదు.

“మామయ్యా...”

ఆయన గోడకేసి చూస్తున్నారు, పరీక్షలో చూసి రాస్తూ దొరికిన కుర్రాడిలా.

“మార్జిన్... వదిలానమ్మా,” అన్నారు చివరికి.

“ఏంటీ?”

“రోజూ... సగం తాగా. సగం... దాచా. ఇవాళ... మొత్తం... ఒక్కసారి తాగి... దిగుదామని.”

ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చిన అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

కోడలు మెల్లిగా చేతిమిషను బల్ల మీద కూలబడింది. పొద్దున్న గిన్నె చేతికివ్వగానే ‘నీ బస్సు వెళ్ళిపోతుంది, నువ్వు నడువమ్మా’ అని ఆయన ఎందుకు తొందరపెట్టేవారో ఇప్పుడు తెలిసింది. సాయంత్రం గిన్నె చేతికి రాగానే మంచినీళ్ళు కావాలని వంటింట్లోకి పంపడమూ అందుకే. చొక్కా కోస్తే లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలిపెట్టే మనిషి. రేపు లావైతే విప్పుకోవచ్చని. కోటుకి ఇంకొంచెం ఎక్కువ వదిలేవారు. అలా జీవితమంతా మార్జిన్ వదిలిన చెయ్యి మందుకి మాత్రం వదలకుండా ఉంటుందా?

“మొత్తమా?” ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. ఈ ఇంటికొచ్చాక మామయ్య మీద గొంతు లేపడం ఇదే మొదలు. “అదంతా ఒక్కసారి తాగుంటే ఆయాసం తగ్గడం కాదు మామయ్యా, ఊపిరే మందగించి ఆగిపోయేది! మందు ఎక్కువైతే అంతేనని నర్సు మీ ఎదురుగానే చెప్పింది కదా? ఊపిరిని ఎవరైనా దాచుకుంటారా?”

“గుడ్డని... దాచుకుంటాంగా,” అన్నారు మామయ్య నీరసంగా.

బావగారు తన వేళ్ళకేసి చూసుకున్నారు. తర్వాత డబ్బాకేసి.

“నేను... ఇప్పుడు తీసుకెళ్ళకపోయుంటే...”

“మిషను తాగింది. మీ నాన్న బతికారు,” అంది అత్తయ్య. “పోనీలే, దానికీ ఈ ఇంట్లో రోజూ ఆయాసమేగా.”

ముందు నవ్వింది బావగారే. నవ్వుతూ కళ్ళు తుడుచుకోబోతే, “చెయ్యి కడుక్కోండి ముందు!” అని కోడలు అరిచింది.

అరుస్తుండగానే ఆమె బుర్రలో ఏదో చటుక్కున వెలిగింది. లేచి నిలబడింది.

“బావగారూ! ఈ మందు పనిచెయ్యలేదని మీరెలా అంటారు?”

“ఇప్పుడు అదెందుకు?”

“ఇప్పుడే కావాలి! డాక్టరు రాసినంత ఒక్కరోజు కూడా ఈయన లోపలికి వెళ్ళలేదు. మనం వేసింది సగం! పనిచెయ్యలేదనడానికి అసలు వేస్తేగా?”

ఆమె అప్పటికే ఫోను చెవికి ఆనించింది. ఇంటికొచ్చి చూసి వెళ్ళే నర్సు అవతల మొత్తం విని, ముందు చీవాట్లు పెట్టింది. తర్వాత ప్రశ్నలు. పొద్దుటి మందు పడిందా? లేదు, సీసా కోసం పోట్లాటలోనే పొద్దెక్కింది. మగతగా ఉన్నారా? లేదు. విరేచనం ఆగిందా? లేదు. “డాక్టర్ని అడిగి చెప్తాను. అంతదాకా సీసా ముట్టుకోకండి,” అని పెట్టేసింది.

ఆ ఎదురుచూపులో బావగారు గుమ్మానికి ఆనుకుని, ఎవరితోనూ కానట్టు అన్నారు. “అలవాటవుతుందని కాదమ్మాయ్ నా భయం. ఆ సీసా షెల్ఫులో పెట్టిన రోజే, నాన్న పని ఇంక అయిపోయిందని మనమే ఒప్పుకున్నట్టనిపించింది.”

ఇన్నాళ్ళూ కోడలు ఆయనది మొండితనమనుకుంది.

ఫోను మోగింది. “డాక్టరు రాసినంతే వెయ్యండి. పోయినదానికి బదులని చుక్క కూడా ఎక్కువ వద్దు. ఎవరో ఒకరు ఎదురుగా ఉండి మింగించండి. వేశాక కూర్చోబెట్టి చూడండి. మరీ మగతగా ఉన్నా, ఊపిరి నెమ్మదించినా వెంటనే ఫోను చెయ్యండి. మెట్లు దిగాలంటే మధ్యమధ్య ఆగాలి. మళ్ళీ చెప్తున్నా, ఇది కొత్త ఊపిరితిత్తులు పెట్టదు.”

కోడలు జేబులోంచి సీసా తీసింది. తీసి, పిచికారీతో సహా బావగారి ముందుకి చాచింది.

“మీరే కొలవండి. కొలతలో మీ అంత గట్టివాళ్ళు ఇంట్లో ఎవరున్నారు?”

ఆయన ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత పిచికారీని కిటికీ వెలుగులో కంటికెదురుగా ఎత్తి, చొక్కా కాలరు కొలిచేటంత శ్రద్ధగా గీత దాకా లాగారు.

“మార్జిన్ లేకుండా,” అంది అత్తయ్య.

మామయ్య మింగి, నోరు తెరిచి అందరికీ చూపించారు. “చాలా?” అన్నారు రోషంగా.

అప్పుడే వీధిలో వ్యాను హారను మోగింది.

ఇల్లంతా ఒక్కసారి కదిలింది. బావగారు రెండేసి మెట్లు దిగారు. కిందినుంచి కోడలి భర్త కేక. “అన్నయ్యా, పట్టుకో! ఏనుగుపిల్ల బరువుంది!” షట్టరు పూర్తిగా లేచిన చప్పుడు, బల్లలు జరిపిన చప్పుడు. కిటికీలోంచి తొంగిచూసిన అత్తయ్య, “అబ్బ, ఏం ఎరుపండీ! పండిన దానిమ్మే!” అంటూ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“దిగుతా,” అన్నారు మామయ్య.

“ఇప్పుడే కాదు. మందు లోపల పనిచెయ్యాలి.”

“మఖమల్... ఆగదు.”

“ఆగుతుంది. దానికేం కాళ్ళున్నాయా?”

ఆమె ఎదురుగా కూర్చుంది. ఆయన ఛాతీనే చూస్తోంది. ఈతకొలను గట్టు మీద నిలబడి, నీళ్ళల్లోకి దూకిన పిల్ల తల ఎప్పుడు పైకొస్తుందా అని చూసే చూపది. కిందినుంచి పిలుపులు వస్తున్నాయి, ఆమె పలకడం లేదు. అత్తయ్య వచ్చి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

ముందుగా దిగినవి భుజాలు. చెవుల దగ్గర వేలాడే ఆ భుజాలు, ఎవరో హాంగరు మీంచి కోటు తీసినట్టు, మెల్లిగా కిందికి జారాయి. తర్వాత మంచం అంచుని పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి. ఈల ఉంది. కానీ రెండు ఈలల మధ్య తొందర లేదు.

“నిద్రొస్తోందా మామయ్యా?”

“కొంచెం తేలిగ్గా ఉంది,” అన్నారాయన.

ఆ మూడు మాటలూ మధ్యలో తెగలేదని ఆయన గమనించలేదు. కోడలు గమనించింది. గమనించినట్టు పైకి తెలియనివ్వలేదు. పిట్ట వాలిందని చప్పట్లు కొడితే ఎగిరిపోతుందేమోనని భయం.

మెట్ల మధ్యలో స్టూలు వేశారు. కొడుకులిద్దరూ చెరోపక్క. ముందు కోడలు, వెనక్కి నడుస్తూ, చేతిఫ్యాను మొహానికి పట్టి. “వదులుతూ దిగండి. ఆ... అంతే. కూర్చోండి.”

“కూర్చోను.”

“కూర్చోకపోతే పైకి తీసుకెళ్ళిపోతాను.”

“చూశావట్రా పెద్దోడా, నీళ్ళల్లో పిల్లల్నీ ఇలాగే సాధిస్తుంది కాబోలు,” అంటూ ఆయన కూర్చున్నారు. నుదుటి మీద చెమట. రొప్పుతున్నారు. కానీ ఎప్పట్లా కళ్ళు బెదరలేదు. మునిగిపోతున్నవాడి చెయ్యిలా గాల్లో వెతికే ఆ చెయ్యి ఒళ్ళోనే ఉంది. కాసేపాగి తానే లేచారు.

చివరి మెట్టు దిగి షాపులోకి అడుగుపెట్టారు. పొడుగు బల్ల నిండా పరుచుకుని ఉంది మఖమల్. దాని మీద సగం తాగిన టీ గ్లాసు.

“ఒరేయ్ చిన్నోడా, మఖమల్ మీద టీ గ్లాసు పెట్టినవాణ్ణి ఆ గ్లాసులోనే ముంచి తియ్యాలిరా, నీకు గుడ్డంటే గోనెసంచిలా కనబడుతోందా, తియ్యి ముందు!”

గ్లాసు తీయడానికి ఎవరూ కదల్లేదు. చిన్న కొడుకు నోరు తెరిచి తండ్రికేసి చూస్తున్నాడు. బావగారు టేపు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

“ఏమండీ,” అంది అత్తయ్య. “ఇంకోసారి తిట్టండి.”

“ఏమే, నీకు పిచ్చా?”

“తిట్టండి! ఎన్నాళ్ళయిందో మీరు ఆగకుండా తిట్టి!”

అప్పుడు పగిలింది నవ్వు. చిన్న కొడుకు గ్లాసు తీసి నెత్తిన పెట్టుకున్నాడు. కోడలు నవ్వుతూనే ఫ్యాను ఆపలేదు. ఆయన ఛాతీ ఎగిసిపడుతూనే ఉంది. ఊపిరితిత్తులు అవే, ఆయాసమూ అదే. కాకపోతే ఇవాళ అది ఆయన మెడ పట్టుకోలేదు, పక్కన కూర్చుంది.

మామయ్య కుర్చీలో కూర్చుని మఖమల్ మీద అరచెయ్యి ఆనించి ఒక్కసారి తోశారు. నూగు నల్లగా తిరిగింది. వెనక్కి తోశారు. ఎర్రగా వాలింది. ఆయన మొహం చూస్తే అత్తయ్య తల తిప్పుకోవాల్సొచ్చింది.

“టేపు,” అన్నారు.

కొడుకులిద్దరూ చెరో అంచూ పట్టుకుని కొలిచారు. ఆయన పెదాలు కదుపుతూ లెక్క చూసుకున్నారు. మళ్ళీ కొలవమన్నారు. నవ్వు మెల్లిగా మొహంలోంచి జారిపోయింది.

“నాటకశాల కొలత ఎవరు తీసుకున్నారు?”

“నేనే నాన్నా,” అన్నాడు చిన్న కొడుకు. “సరిగ్గానే తీశా. కొలతకి కొలత తెచ్చా. అంగుళం తక్కువ లేదు.”

“ఎక్కువేదిరా? మార్జిన్ ఏది?”

చిన్న కొడుకు బావగారికేసి చూశాడు. బావగారు బల్లకేసి చూశారు. “ఆ రంగులో వాళ్ళ దగ్గర ఉన్నదే ఇంత నాన్నా. ఇంక దొరకదట. సరిపోతుందిగా అనుకున్నా...” అన్నాడు చిన్న కొడుకు.

“సరిపోతుంది. కత్తెర వెంట్రుకవాసి పక్కకి పోకుండా ఉంటే.”

“తిరిగి పంపించేద్దాం,” అన్నారు బావగారు. “ఇది అయ్యే పని కాదు. నూగు చూసుకోవాలి, గీత చూసుకోవాలి, ఒక్క తప్పు జరిగిందా...”

మామయ్య బల్ల చివరున్న ఖాళీ నూనె డబ్బాకేసి చూశారు. భుజాలు చిన్నగా కదిలాయి. నవ్వుతున్నారని కోడలికి కాసేపటికి గానీ అర్థం కాలేదు.

“ఇంట్లో ఉన్న మార్జినంతా మిషను తాగేసిందిరా. కత్తెర తే.”

చెక్కపెట్టెలోంచి పెద్ద కత్తెర వచ్చింది. ఆయన దాన్ని అందుకుని వేళ్ళు దూర్చారు. కోడలు ఆయన కళ్ళనే చూస్తోంది. రెప్పలు కొంచెం బరువుగా వాలి, మళ్ళీ లేచాయి. కత్తెర మొన సన్నగా వణికింది. నర్సు మాటలు గుర్తొచ్చి ఆమె చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది.

బావగారు కూడా చూశారు. “చూశావా అమ్మాయ్...”

“నేనూ చూశాను,” అన్నారు మామయ్య ప్రశాంతంగా. “మగత లేదు. మత్తూ లేదు. చెయ్యి ముసలిదైంది, అంతే. మందుది తప్పు కాదు, దాన్ని అనకు.”

కత్తెరని తిప్పి, పిడి పెద్ద కొడుకు వైపు చాచారు.

“పట్టు.”

“నాకు రాదు నాన్నా.”

“అందుకే దిగొచ్చా. నోటితో చెప్పాలంటే ఊపిరుండాలి. ఇన్నాళ్ళూ లేక చెప్పలేదు, ఇవాళ ఉంది. రేపటి సంగతి ఎవడికి తెలుసు? పట్టు.”

బావగారి మెడ మీద నరం పొంగింది. కత్తెర అందుకున్నారు. చిన్న కొడుకూ అత్తయ్యా రెండు అంచులు పట్టుకుని బిగించారు. వీధిలో ఎవరో షట్టరు దగ్గర ఆగి లోపలికి తొంగిచూశారు. ఇక్కడెవరికీ ఆ స్పృహ లేదు. బావగారు వంగి, సుద్దగీత మీదికి మొన తెచ్చి, ఛాతీ నిండా గాలి పీల్చి అలాగే బిగుసుకుపోయారు.

“బిగబట్టకు,” అన్నారు మామయ్య. అని, కోడలికేసి ఒక్కసారి ఓరగా చూశారు. “వదులు. వదులుతూ కదలాలి.”

బావగారు ఊపిరి వదిలారు. కత్తెర నోరు తెరుచుకుంది.